కష్టానికి వాటా: సూస్ సీమలో అర్గాన్ ఆడవాళ్లు

మొరాకోలో ఎస్సావిరా పాత రేవు నుంచి దక్షిణంగా అగాదిర్‌కు పోయే రోడ్డు సుమారు 170 కిలోమీటర్లు. ఊరి గోడలు దాటిన కాసేపటికే సముద్రం కొండల వెనక్కి తప్పుకుంటుంది. ఇక కనిపించేవి రాతినేల, నీళ్లు లేని వాగులు, రాళ్లు పేర్చి కట్టిన దొడ్డిగోడలు, వాటి మధ్య దూరదూరంగా మెలికలు తిరిగిన ముళ్లచెట్లు. అక్కడక్కడా ఆ చెట్ల మీదికి మేకలు ఎక్కి, కొమ్మల మీద నిలబడి ఆకూ కాయా మేస్తుంటాయి. ఫోటోలు చూసి చూసి మొరాకో పల్లె అనగానే చాలామందికి ఈ మేకలే గుర్తుకొస్తాయి. మరాకేష్ వైపు రోడ్డు మీదైతే పర్యాటకులు ఇచ్చే చిల్లర కోసం మేకల్ని తెచ్చి కొమ్మల మీద నిలబెట్టే కాపరులు కూడా ఉన్నారు. ఫోటోలో పడనిది ఆ చెట్టు వెనకున్న ఇల్లు, ఆ ఇంటి పంచలో రెండు రాళ్ల మధ్య గింజ పగలగొడుతూ కూర్చున్న ఆడమనిషి. ఈ కథనం ఆమె గురించి.

ఆ చెట్టు అర్గాన్. సరిహద్దుకు ఆవల అల్జీరియాలో తిందూఫ్ దగ్గర కొద్దిగా ఉందన్న మాటే గానీ, ప్రపంచంలో ఇది అడవిగా పెరిగేది మొరాకో నైరుతి మూలలోనే. దాదాపు 8 లక్షల హెక్టార్లలో విస్తరించి ఉంది. హైదరాబాద్ బేగంబజారులోనైనా, విజయవాడ మాల్‌లోనైనా షాంపూల అర ముందు నిలబడితే 'మొరాకన్ అర్గాన్ ఆయిల్' అన్న అక్షరాలు కనీసం రెండు మూడు సీసాల మీద కనిపిస్తాయి. ఒకప్పుడు ఈ నైరుతి మూలనున్న సూస్ సీమ దాటి బయటికి రాని నూనె అది. పొద్దున్నే రొట్టె ముంచుకుని తినడానికి, కాన్పయిన ఇంట్లో ఒంటికి రాయడానికి, జుట్టుకు పెట్టుకోవడానికి వాడుకునేవారు. పాతికేళ్లలో అది ప్రపంచంలోని ఖరీదైన నూనెల్లో ఒకటైంది. చేసిన చేతులకు అందులో ఎంత దక్కిందన్నది నన్ను చాలాకాలంగా పట్టి పీడిస్తున్న ప్రశ్న.

నేల, చెట్టు, కట్టుబాటు

ఇక్కడి జనం అమజీగ్‌లు. బయటివాళ్లు బెర్బర్లంటారు. మాట్లాడేది తషెల్హీత్. అరబ్బులు రాకముందు నుంచీ ఉన్నవాళ్లు, వెయ్యేళ్లకు పైగా ముస్లింలు. వాన తక్కువ, వచ్చినా నమ్మకం లేదు. అర్గాన్ వేరు నేలలోకి చాలా లోతుగా దిగుతుంది. కరువొస్తే ఆకు రాల్చేసి, వాన పడ్డాక మళ్లీ చిగురిస్తుంది. నూటయాభై, రెండువందల ఏళ్లు బతుకుతుంది. సహారా ఇసుక ఉత్తరానికి రాకుండా నేలను పట్టి ఉంచేదీ ఇదే. కాయ మేకకు మేత, చెక్క పొయ్యికి కట్టె, నీడలో బార్లీ పంట, గింజలో నూనె. 13వ శతాబ్దపు వైద్యుడు ఇబ్న్ అల్ బైతార్ తన ఓషధుల గ్రంథంలో ఈ చెట్టును వర్ణించాడు.

ఇలాంటి చెట్టును ఎవరికి తోచినట్టు వాళ్లు దులుపుకుంటే నాలుగేళ్లలో మోడైపోతుంది. అందుకే 'అగ్దాల్' అనే కట్టుబాటు పుట్టింది. కాయ పండే వేసవి నెలల్లో అడవిలోని భాగాలు మూసేస్తారు. మేకలు రాకూడదు, కొమ్మ కొట్టకూడదు. ఏ ఇంటికి ఏ చెట్లో తాతల నాడే తేలి ఉంటుంది. గ్రామ జమాఅ, అంటే పెద్దల సభ, తెరిచిన రోజున ఇంటిల్లిపాదీ వెళ్లి రాలిన కాయ ఏరుకుంటారు. రాలిందే ఏరాలి. కర్రతో కొడితే వచ్చే ఏటి మొగ్గ కూడా రాలిపోతుంది. ఈ లెక్కలన్నీ కాగితం మీద లేవు. ఏ చెట్టు తీపి కాయ, ఏది చేదు, ఏ ఏడు ఏ వాలు మీద కాపు బాగుంటుంది అన్నవి ఆడవాళ్ల నోట తరాలుగా నడిచొచ్చిన సంగతులు.

ఇక నూనె తీయడం. కాయ పెద్ద రేగుపండంత ఉంటుంది. ఎండలో గోధుమరంగు తిరిగేదాకా ఎండబెడతారు. రాతితో నలిపి పైతోలూ గుజ్జూ వలుస్తారు. అవి మేకలకు పోతాయి. లోపలి గింజ పెంకు మహా గట్టిది. కింద ఒక వెడల్పాటి రాయి, చేతిలో ఒక గుండ్రాయి, మధ్యలో నిలబెట్టి పట్టుకున్న గింజ. దెబ్బ ఎక్కడ పడాలో వేలికి తెలియాలి. తప్పితే పప్పు చితికిపోతుంది, లేదా వేలే చితుకుతుంది. లోపల ఒకటి, రెండు, అరుదుగా మూడు పప్పులుంటాయి. తినే నూనెకైతే మట్టి మంగలంలో సన్నసెగ మీద వేయించాలి. ఒంటికి రాసుకునే నూనెకు పచ్చిపప్పే వాడాలి. తర్వాత అజెర్గ్ అనే రాతి తిరగలిలో విసిరితే చిక్కటి గోధుమరంగు ముద్ద కారుతుంది. దానికి గోరువెచ్చటి నీళ్లు చిలకరిస్తూ రెండు చేతులా పిసుకుతారు. ఎంత నీరు పోయాలి, ఎప్పుడు ఆపాలి అన్నదానికి కొలత లేదు. ముద్ద బిగిసి నూనె విడిచే క్షణం చేతికే తెలుస్తుంది. మిగిలిన చెక్క పశువుల తొట్టిలోకి పోతుంది. లీటరు నూనెకు రెండున్నర కిలోల పప్పు కావాలి. మొదటినుంచి చివరిదాకా చేత్తో చేస్తే దాదాపు ఇరవై గంటల పని. ఈ నూనెలో వేయించిన బాదం, తేనె కలిపి నూరితే అమ్లూ. చుట్టం వస్తే రొట్టెతో పాటు ముందు పెట్టేది అదే.

చుట్టుపక్కల మేకలు తిని నెమరేసి ఉమ్మేసిన గింజలు కూడా దొరుకుతాయి. ఏరడం తేలిక. కానీ వాటి నూనెకు వాసన పట్టుకుంటుంది. మంచి నూనె చేసేవాళ్లు వాటిని వేరు చేసి పారేస్తారు. అంగడి పెరిగాక ఈ నియమం చాలాచోట్ల సడలింది.

ఆడవాళ్ల నోటి శాస్త్రం

సూస్ మగవాళ్లు వలసకు పేరుపడ్డవాళ్లు. కాసాబ్లాంకా సందుల్లో చిల్లర కిరాణాకొట్టు నడిపేవాడు సూసీయే అయి ఉంటాడన్నది మొరాకో అంతటా ఉన్న మాట. 1960లు, 70లలో ఉత్తర ఫ్రాన్సు బొగ్గుగనుల కోసం ఫెలిక్స్ మోరా అనే మనిషి ఈ కొండపల్లెలు తిరిగి, కండలు పరీక్షించి, వేలమందిని తీసుకుపోయాడు. మగవాళ్లు ఏడాదికో రెండేళ్లకో ఇంటికొచ్చేవారు. పొలం, పశువు, చెట్టు, ముసలివాళ్లు, పిల్లలు, అన్నీ ఆడవాళ్ల మీదే నడిచాయి. తషెల్హీత్ భాష ఈనాటికీ నిలిచిందంటే అది చాలావరకు ఆ ఊళ్లలో ఉండిపోయిన ఆడవాళ్ల పుణ్యమే.

మతజ్ఞానం సంగతీ అంతే. సూస్ పాత మదర్సాలకు నెలవు. అక్కడి విద్వాంసుల చరిత్రను ముఖ్తార్ అల్ సూసీ ఇరవై సంపుటాల్లో రాశాడు. ఆ మదర్సాల్లోకి ఆడవాళ్లు వెళ్లలేదు, అరబ్బీ నేర్వలేదు. అయినా వాళ్లకు ధర్మం తెలియకుండా పోలేదు. 18వ శతాబ్దం మొదట్లో ముహమ్మద్ అవ్‌జాల్ అనే సూసీ పండితుడు ఇస్లాం న్యాయశాఖల్లో ఒకటైన మాలికీ ధర్మశాస్త్రాన్ని అరబ్బీ లిపిలో, తషెల్హీత్ పద్యాలుగా రాశాడు. పేరు 'అల్ హౌద్'. నమాజు, ఉపవాసం, కొనుగోలు, పెళ్లి, విడాకులు, అన్నింటి నియమాలూ అమ్మ భాషలో, పాడుకునే ఫణితిలో వచ్చేశాయి. చదవనక్కర్లేదు, వింటే చాలు. ఆడవాళ్లు గుంపుగా కూర్చుని పాడుతూ, ఒకరికొకరు కంఠతా చెప్పుకుంటూ వచ్చారు. 2014 జనగణన నాటికి మొరాకో ఆడవాళ్లలో దాదాపు 42 శాతం నిరక్షరాస్యులని లెక్క తేలింది. పల్లెల్లో ఇంకా ఎక్కువ. ఆ అంకె చూసి ఏమీ తెలియనివాళ్లని తేల్చేయడం ఎంత పొరపాటో అవ్‌జాల్ పద్యాలు పాడే ఒక్క ముసలవ్వ దగ్గర కూర్చుంటే అర్థమవుతుంది.

నా దృష్టిలో సూస్ లోకానికి చూపించాల్సిన అసలు సంపద నూనె కాదు, 'తమజ్జాల్ట్'. అరబ్బీ న్యాయగ్రంథాల్లో దీన్నే 'కద్ద్ వ సిఆయా' అంటారు. శ్రమ, ప్రయాస అని. కాపురంలో కలిసి కూడబెట్టిన ఆస్తిలో ఎవరి కష్టానికి తగ్గ వాటా వాళ్లది. ఆస్తి భర్త పేరున ఉన్నా సరే. విడాకులైతే ఆ వాటా తీసి ఆమెకివ్వాలి. భర్త చనిపోతే వారసత్వం పంచకముందే, అప్పు తీర్చినట్టు, ఆమె కష్టపు వాటా పక్కన పెట్టాలి. మిగిలినదాన్నే వారసులు పంచుకోవాలి. ఆ పంపకంలో భార్యగా ఆమెకొచ్చే భాగం మళ్లీ వేరు. భార్యకే కాదు, ఇంటి ఆస్తి పెరగడానికి చాకిరీ చేసిన కూతురుకూ, చెల్లెలికీ కూడా ఈ సూత్రం వర్తిస్తుంది.

ఇది మతానికి ఎదురు నిలిచిన ఆచారం కాదు. మతపండితులే మతశాస్త్రం లోపల నిలబెట్టిన తీర్పు. 16వ శతాబ్దంలో ఉత్తరాన ఘొమారా కొండల న్యాయవేత్త అహ్మద్ ఇబ్న్ అర్దూన్‌ను అడిగారు: పొలంలో మగవాడితో సమంగా కోసి, కట్టి, మోసే పల్లె ఆడవాళ్ల సంగతేమిటని. ఆమె శ్రమకు తగ్గట్టు పంటలో సగం ఆమెదే అన్నాడాయన. ఇంటిపని భార్య విధి కదా, దానికి వాటా ఏమిటని వాదించిన పండితులూ ఉన్నారు. కానీ సూస్ కొండల న్యాయవేత్తలు కళ్లెదుట చూస్తున్నారు, ఈ సీమ ఎవరి రెక్కల మీద నడుస్తోందో. తీర్పులు వాళ్ల అనుభవం నుంచి వచ్చాయి. స్త్రీవాదమంటే పడమటి నుంచి ఓడల్లో దిగిన సరుకని ఒకరూ, ఇస్లాంలో ఆడదాని శ్రమకు లెక్కే లేదని ఇంకొకరూ తీర్మానించే చర్చల్లో సూస్ పండితుల ఈ తీర్పులు ఎప్పుడూ వినబడవు. అది నాకు బాధ కలిగించే విషయం.

హక్కు ఉండటం వేరు, అడగగలగడం వేరు. అన్నదమ్ముల మీద దావా వేస్తే పుట్టిల్లు మూసుకుపోతుందన్న భయం సూస్‌లోనూ ఉంది. షరీఅత్ ప్రకారం కూతురికి రావాల్సిన, కొడుకు వాటాలో సగం పొలమైనా ఇవ్వకుండా ఎగ్గొట్టిన ఇళ్లు అమజీగ్ పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. ఆ చీకటిని కప్పిపెట్టి తమజ్జాల్ట్‌ను పొగడటం నాకిష్టం లేదు.

తమనార్‌లో మొదలైంది

ఎస్సావిరాకు దక్షిణంగా, అదే రోడ్డు మీద తమనార్ అనే చిన్న పట్నం వస్తుంది. రబాత్‌లోని ముహమ్మద్ అయిదవ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చెప్పే జుబైదా షర్రూఫ్ అర్గాన్ మీద పరిశోధన చేస్తూ ఒక సంగతి గమనించారు. అడవి ఏటేటా తరిగిపోతోంది. 20వ శతాబ్దంలో చెట్ల సాంద్రత బాగా పడిపోయింది. ప్రపంచయుద్ధాల కాలంలో బొగ్గు కోసం, తర్వాత పొలాల కోసం నరికేశారు. చెట్టు నుంచి ఆడవాళ్లకు డబ్బు వస్తేనే చెట్టు బతుకుతుందని ఆమె నమ్మారు. 1996లో తమనార్‌లో ఆడవాళ్ల సహకార సంఘం, 'అమల్', మొదలైంది. భర్తలున్న ఆడవాళ్లను ఇంటి బయట పనికి పంపడానికి ఊళ్లో మగవాళ్లు ఒప్పుకోలేదు. అందుకే ముందు వచ్చినవాళ్లు విధవలు, విడాకులైనవాళ్లు. వద్దనడానికి మగదిక్కు లేకపోవడమే వాళ్లకు దారి తెరిచింది. నెల తిరిగేసరికి చేతికి డబ్బు వస్తున్నదని చూశాక మిగతా ఇళ్ల తలుపులూ మెల్లగా తెరుచుకున్నాయి. ఇస్లామీ న్యాయంలో భార్య సంపాదన భార్యదే, ఇంటిఖర్చు భర్త బాధ్యత. పుస్తకంలో ఎప్పటినుంచో ఉన్న ఈ సూత్రం చాలామంది ఆడవాళ్లకు మొదటిసారి చేతిలోకి వచ్చింది.

షర్రూఫ్ తెచ్చిన మార్పు యంత్రపు గానుగ. నీళ్లు కలపకుండా నూనె పిండటం వల్ల అది నెలల తరబడి చెడదు. గానుగలో దిగినంత నూనె చేతిపనిలో దిగదు కూడా. ఇరవై గంటల పని బాగా తగ్గింది. యూరప్ అంగడికి నాణ్యత నిలకడగా ఉండాలి కాబట్టి ఇది లేకుండా ఎగుమతి సాధ్యపడేది కాదు. 1998లో యునెస్కో ఈ సీమను జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించింది. సంఘాలు ఒకటి నుంచి వందల్లోకి పెరిగాయి. చదువు చెప్పే తరగతులు సంఘాల్లోనే పెట్టారు. నలభై దాటిన ఆడవాళ్లు సంతకం నేర్చుకున్నారు. ఇదంతా నిజమైన మంచి, దాన్ని తక్కువ చేయను.

అయితే యంత్రం ఏ పని తీసుకుంది, ఏ పని వదిలేసిందో చూడండి. వేయించడం, విసరడం, నీళ్లు పోసి పిసకడం, అంటే నేర్పు, తీర్పు ఉండే పనులు గానుగలోకి పోయాయి. ఆడవాళ్లకు మిగిలింది పెంకు పగలగొట్టడం. గింజలు ఒక్కోటి ఒక్కో ఆకారంలో ఉంటాయి. పప్పు చితక్కుండా పగలగొట్టే యంత్రం కోసం ప్రయత్నాలు జరిగాయి గానీ చేతిని మించినది నిలదొక్కుకోలేదు. ఆడకూలి ఇంత చవగ్గా దొరుకుతుంటే దానికోసం ఎవరు పట్టుబట్టి డబ్బు పెడతారు? ఒకప్పుడు చెట్టు కిందినుంచి సీసా దాకా ఆ నూనె ఒక్క ఆడదాని చేతిపని. ఇప్పుడామె కిలో లెక్కన కూలి తీసుకునే పనిమనిషి. రోజంతా కూర్చుని పగలగొడితే దిగేది కిలో, మహా అయితే రెండు కిలోల పప్పు.

డబ్బు లెక్క చెప్పుకుందాం. ముప్పై ఏళ్ల కిందట లీటరు నూనె పాతిక దిర్హాముల చుట్టూ ఉండేది. కరువులతో కాపు తగ్గి ఇటీవల ఆరు వందల దాకా పోయింది. కిలో పప్పు తీసినందుకు కూలి ముప్పై దిర్హాములకు కాస్త అటూ ఇటూ. దిర్హామంటే మన తొమ్మిది రూపాయలనుకుంటే సుమారుగా సరిపోతుంది. రెండున్నర కిలోల పప్పుకు డెబ్బయి అయిదు దిర్హాములు, అంటే ఆరువందల నూనెలో ఎనిమిదో వంతు. ఆ నూనె చిన్నచిన్న సీసాల్లోకి మారి పారిస్‌లోనో న్యూయార్క్‌లోనో అమ్ముడుపోయాక ఆమె భాగం ఎంతకు దిగుతుందో లెక్క వేయడం కూడా కష్టం. ఎగుమతిలో పెద్ద భాగం విడి నూనెగా, డ్రమ్ముల్లో వెళ్తుంది. దాన్ని నడిపేది సంఘాలు కాదు. దళారులు ఊరూరా తిరిగి కాయనూ పప్పునూ కొనేసి కంపెనీలకు చేరుస్తారు. సరుకు లేక సంఘాలే దళారి దగ్గర ఎక్కువ ధరకు కొనుక్కోవాల్సి వస్తోంది.

రోడ్డు పక్కన 'ఆడవాళ్ల సహకార సంఘం' అని బోర్డు పెట్టిన దుకాణాలు కోకొల్లలు. లోపల వరసగా నలుగురైదుగురు ఆడవాళ్లు చాపల మీద కూర్చుని రాళ్లు కొడుతుంటారు. బస్సు ఆగుతుంది, ఫోటోలు తీసుకుంటారు, సీసాలు కొంటారు. వీటిలో కొన్ని నిఖార్సైన సంఘాలు. కొన్నిటికి యజమాని వేరే ఉంటాడు, ఆ ఆడవాళ్లు అతని కూలీలు. తమ చేతిపని పేరుతో వ్యాపారం సాగుతున్నా దుకాణంలో వాటా లేనివాళ్లు.

పేరు మీద కూడా పోరు నడిచింది. 1983లోనే ఒక ఫ్రెంచ్ కంపెనీ 'అర్గాన్' అన్న మాటను తన వ్యాపారచిహ్నంగా నమోదు చేసుకుంది. ఏళ్ల తరబడి వ్యాజ్యం నడిచాక అది రద్దయింది. మొరాకో 2009లో అర్గాన్ నూనెకు భౌగోళిక గుర్తింపు తెచ్చింది, మన పోచంపల్లి ఇక్కత్‌కు ఉన్నలాంటిదే. 2014లో యునెస్కో అర్గాన్ చుట్టూ ఉన్న పనితనాన్నే మానవాళి వారసత్వంగా గుర్తించింది. 2021 నుంచి మే 10ని ఐక్యరాజ్యసమితి అర్గాన్ దినంగా జరుపుతోంది. ఇవన్నీ సీమ పేరును కాపాడతాయి. కానీ పంచలో కూర్చున్న ఆమెకు కూలి పెంచే నిబంధన వీటిలో ఒక్కటీ లేదు.

చదువుకు వెళ్లిన ఆడపిల్లలు, ఎక్కువైన మేకలు

అమెరికా ఆర్థికవేత్త ట్రావిస్ లిబ్బర్ట్, ఆయన సహచరులూ ఎస్సావిరా చుట్టూ పల్లెల్లో ఇంటింటి లెక్కలు తీసి 2011లో ప్రచురించిన పరిశోధన నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది. అర్గాన్ గిరాకీ వల్ల కొన్ని ఇళ్లకు మేలు జరిగింది, అయితే ఓ మోస్తరుగానే. ఆడపిల్లలు ప్రాథమిక బడి దాటి పైచదువుకు వెళ్లడం పెరిగింది. మగపిల్లల్లో ఆ తేడా కనిపించలేదు. గింజ పగలగొట్టి తల్లి సంపాదించిన డబ్బు కూతురి బడికి పోయిందన్నమాట. తల్లులు ఈ పనిలోంచి కూతుళ్లను బయటికి పంపించడానికి ఈ పని చేస్తున్నారు. వేలితో గింజ నిలబెట్టే నేర్పు ఆ కూతుళ్లకు అందదు. అందాలని ఆ తల్లులు కోరుకోవడమూ లేదు. వారసత్వ జాబితాలు రాసేవాళ్లు ఈ సంగతి ముందు ఆలోచించాలి.

అదే పరిశోధన చెప్పిన రెండోది చేదు. చేతిలోకొచ్చిన డబ్బుతో జనం మేకలు కొన్నారు. బ్యాంకు దూరమైన పల్లెలో మేకే పొదుపు. మేకలు పెరిగితే చెట్టుకు దెబ్బ. కాయ మీద శ్రద్ధ పెరిగింది గానీ చెట్టును పెంచడం మీద పెరగలేదు. ఎందుకు పెరుగుతుంది? అడవి వాళ్లది కాదు. ఫ్రెంచ్ పాలనలో 1925లో వచ్చిన చట్టం ప్రకారం అర్గాన్ అడవి ప్రభుత్వానిది. చుట్టుపక్కల ఇళ్లకు కాయ ఏరుకునే, మేపుకునే, కట్టె తెచ్చుకునే హక్కులు మాత్రమే ఉన్నాయి. ఆ హక్కుల్లోనూ ఇంటి తరపున మాట్లాడేది మగవాడే.

ఉమ్మడి భూముల విషయంలో ఒక గెలుపు వచ్చింది. తెగల ఉమ్మడి భూములు అమ్మినప్పుడు, లీజుకిచ్చినప్పుడు వచ్చే పరిహారం తరతరాలుగా మగవాళ్లకే పంచేవారు. 2007 ప్రాంతంలో ఉత్తరాన కెనీత్రా దగ్గరి ఆడవాళ్లు, 'సులాలియాత్' పేరుతో, మాకూ భాగం ఉందని వీధికెక్కారు. పార్లమెంటు ముందు కూర్చున్నది ఎక్కువమంది చదువురాని పల్లె ఆడవాళ్లే. 2019లో వచ్చిన 62-17 చట్టం ఆ భూముల్లో ఆడవాళ్లకూ సమాన హక్కు ఇచ్చింది. అమలు ఊరూరా వేరువేరుగా ఉందిగానీ, చట్టమైతే నిలబడింది.

మైదానంలో మరో కథ నడుస్తోంది. అగాదిర్‌కు దక్షిణంగా షతూకా వైపు ప్లాస్టిక్ కప్పిన పాకలు కనుచూపు మేర పరుచుకున్నాయి. యూరప్‌కు శీతాకాలపు టమాటా ఇక్కడినుంచే వెళ్తుంది. అర్గాన్ చెట్లు నరికిన నేల మీద, ఏటేటా లోతుకు దిగుతున్న బోరునీటి మీద ఆ పంట నడుస్తోంది. తెల్లవారుజామున వ్యాన్లలో కిక్కిరిసి ఆ పాకలకు వెళ్లే కూలీల్లో ఎక్కువమంది ఆడవాళ్లే. కొండమీద గింజ కూలికన్నా రోజు డబ్బు ఖాయం కాబట్టి వెళ్తారు. దానిపైన వరస కరువులు. 2023 సెప్టెంబరు 8 రాత్రి వచ్చిన 6.8 తీవ్రత భూకంపం అట్లాస్ కొండల్లో 2,900 మందికి పైగా ప్రాణాలు తీసింది. తారూదాంత్ కొండపల్లెలు, అంటే సూస్ తూర్పు అంచు, కుప్పకూలాయి. ఆ ఇళ్లతో పాటు తిరగళ్లూ మంగలాలూ మట్టిలో కలిశాయి.

కోర్టుకెక్కిన కష్టం

2004లో మొరాకో కుటుంబ చట్టం, ముదవ్వన, మారింది. పెళ్లి వయసు పద్దెనిమిది అయింది, విడాకులు కోరే దారులు ఆడవాళ్లకు తెరుచుకున్నాయి. దానిలోని 49వ అధికరణం గురించి బయట తక్కువమందికి తెలుసు. కాపురంలో సంపాదించే ఆస్తిని ఎలా పంచుకోవాలో భార్యాభర్తలు పెళ్లి కాగితం కాకుండా వేరే ఒప్పందం రాసుకోవచ్చు. అలా రాసుకోకపోతే, ఇద్దరి పనినీ, ఆస్తి పెరగడానికి వాళ్లు పడ్డ ప్రయాసనూ న్యాయమూర్తి చూడాలి. తమజ్జాల్ట్ గాలి తగిలిన అధికరణం ఇది. ఒప్పందం రాసుకునే జంటలు మాత్రం అరుదు. పెళ్లిరోజున ఆస్తి మాట ఎత్తడం అపశకునమనే భావన మొరాకోలోనూ ఉంది.

2024 డిసెంబరులో ప్రభుత్వం బయటపెట్టిన కొత్త సవరణల ప్రతిపాదనల్లో ఒకటి, భార్య ఇంట్లో చేసే పనిని కూడా కాపురంలో పెరిగిన ఆస్తికి చేర్పుగా లెక్కించాలన్నది. దీని మీద మొరాకో టీవీల్లో, కాఫీ హోటళ్లలో, సామాజిక మాధ్యమాల్లో పెద్ద రగడే నడిచింది. పడమటి దేశాల ఒత్తిడికి లొంగి తెస్తున్నారన్న విమర్శ గట్టిగా వచ్చింది. సూస్ కొండల్లో మాలికీ న్యాయవేత్తలు శతాబ్దాలుగా ఇస్తూ వచ్చిన తీర్పులు ఆ విమర్శ చేసేవాళ్ల ఇళ్లలోని పాత కాగితాల్లోనే ఉండి ఉంటాయి.

అసలు చిక్కు రుజువు దగ్గర వస్తుంది. సంఘంలో పనిచేసే ఆడవాళ్లకు ఇప్పుడొక చిన్న ఆధారం ఉంది. రోజూ సాయంత్రం పప్పు తూచి పేరు, తేదీ, కిలోలు పుస్తకంలో రాస్తారు. వాళ్ల కష్టం వాళ్ల పేరుతో కాగితం మీదికెక్కింది బహుశా ఇదే మొదటిసారి. న్యాయమూర్తి ముందు పెట్టడానికి పనికొస్తుంది. ఇంటి పంచలో కొట్టి దళారికి అమ్మిన పప్పుకు, మగవాడు ఫ్రాన్సులో ఉన్న ఇరవై ఏళ్లూ మేపిన గొర్రెలకు, మోసిన నీళ్లకు, పెంచిన పిల్లలకు అలాంటి పుస్తకం లేదు. పాత సూస్ పద్ధతిలో ఆ పని తెలిసిన ఊరివాళ్లే వచ్చి, ఆమె ఏం చేసిందో, దాని విలువెంతో సాక్ష్యం చెప్పేవారు. పట్నంలో చదువుకొచ్చిన న్యాయమూర్తి ఆ సాక్ష్యాన్ని ఎలా తూకం వేయాలో కొత్త చట్టం స్పష్టంగా చెప్పాలి. పల్లె ఆడవాళ్ల తరఫున వాదించే మహిళా న్యాయవాదులు ఇప్పుడు పట్టుబట్టాల్సింది ఈ ఒక్క నిబంధన మీదే.